టౌన్‌హాల్ కిటికీ బయట ఆటలమ్మ

ముప్పై దాటాక నాకు ఆటలమ్మ పోసింది. అదీ మెల్‌బోర్న్‌లో, అంటురోగాల మీద నేను ఉపన్యాసం ఇవ్వాల్సిన వారంలో.

ఎనభైలు ముగిసిపోతున్న రోజులవి. అక్కడొక మునిసిపల్ కౌన్సిల్ ఆరోగ్య విభాగంలో డాక్టరుగా పనిచేసేవాణ్ణి. నగరం నడిబొడ్డుకు ఆనుకుని ఉన్న పాత కార్మికుల పేట అది. సన్నటి వీధులు, గోడకు గోడ కలిసిన ఇటుక ఇళ్ళు, ఇళ్ళ వెనక నల్లరాళ్ళు పరిచిన సందులు. పిల్లలకి టీకాలు వేయించడం, వంటగదుల్లో బొద్దింకలు లేవని ప్రమాణం చేసే హోటలు వాళ్ళతో వాదించడం, ఎక్కడ ఏ జబ్బు తలెత్తినా వెళ్ళి "కంగారు పడకండి" అని చెప్పి రావడం నా ఉద్యోగం. ఈ మూడో పని మాత్రం చాలా బాగా చేసేవాణ్ణి.

ఆ ఏడు సెప్టెంబరులో, అంటే అక్కడి వసంతంలో, మా పేట కిండర్‌గార్టెన్‌లో చికెన్‌పాక్స్ మొదలైంది. వెళ్ళి తల్లులందరినీ చిన్నచిన్న పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టి కంగారు పడకండి అన్నాను. నేను మాట్లాడుతుండగా ఒక చిన్నపిల్ల నా ఒళ్ళోకెక్కి స్టెతస్కోపు నోట్లో పెట్టుకుంది. మొహం మీద అప్పుడే రెండు పొక్కులు.

"మీకు అంటుకోదా డాక్టర్?" అని ఒకావిడ అడిగింది.

"నాకు చిన్నప్పుడే వచ్చి పోయింది. ఒకసారి వస్తే జన్మకి సరి" అని నవ్వి, పిల్ల నోట్లోంచి స్టెతస్కోపు తీసుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పేట చరిత్ర సంఘం వాళ్ళు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. సంఘమంటే ఆ పేటలో పుట్టి ముసలివాళ్ళయిన ఒక పాతిక ముప్పై మంది. విషయం కూడా వాళ్ళే చెప్పారు: రెండు ప్రపంచ యుద్ధాల నడుమ మన పేటలో అంటురోగాలు. నేను ఉత్సాహంగా లైబ్రరీలో కూర్చుని పాత ఆరోగ్య నివేదికలన్నీ చదివాను. ప్రొజెక్టరు మీద పెట్టడానికి ప్లాస్టిక్ కాగితాల మీద రంగురంగుల స్కెచ్ పెన్నులతో గీతలు గీశాను. కంఠసర్పికి, అంటే డిఫ్తీరియాకి, ఆకుపచ్చ; కోరింత దగ్గుకి నీలం.

"ఈ ఎరుపు ఏంటండీ?" అంది నా భార్య.

"చావులు."

"ఆదివారం మధ్యాహ్నం, టీ బిస్కెట్ల ముందు, అంతంత ముసలివాళ్ళకి చావులు చూపిస్తారా?"

"తగ్గుతూ వచ్చాయని చూపిస్తాను. అది సంతోషకరమైన గీత."

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ తెనాలి నుంచి ఆర్నెల్లు ఉండి పోదామని వచ్చింది. మంచి మనిషి, చేతి వంట అమృతం. కాకపోతే అల్లుడితో ఎదురుగా మాట్లాడకూడదనేది ఆవిడ పెరిగిన పద్ధతి. నేను భోజనం బల్ల దగ్గర, ఆవిడ వంటింటి తలుపు వెనక; మా మధ్య దూరం చెయ్యి చాపితే అందేంత. "అల్లుడు గారికి ఇంకాస్త పులుసు కావాలేమో అడగవే" అని కూతురితో అనేది. కూతురు ఆఫీసుకు వెళ్ళిపోతే ఫ్రిజ్‌తో చెప్పేది. "మబ్బు పట్టింది, గొడుగు పట్టుకెళ్తే బాగుణ్ణు" అని ఫ్రిజ్ వైపు తిరిగి అనేది. నేనూ ఫ్రిజ్ వైపు తిరిగి "అలాగేనండీ" అనేవాణ్ణి. మా ఇంట్లో ఆ ఫ్రిజ్‌కి తెలిసినన్ని సంగతులు ఎవరికీ తెలియవు.

పక్కింటావిడ మరో తీరు. డెబ్బై దాటిన వితంతువు. ఆ ఇంట్లోనే పుట్టింది, పెళ్ళయ్యాక మొగుణ్ణి కూడా ఆ ఇంటికే తెచ్చుకుంది. వెనక సందు వైపు గేటు తోసుకుని తలుపు తట్టకుండా లోపలికొచ్చేది. మొదటి వారంలో గోడ మీదుగా నిమ్మకాయలు ఇచ్చిపుచ్చుకున్నారు, అంతే, మా అత్తగారికీ ఆవిడకీ ప్రాణస్నేహం కుదిరింది. ఈవిడ తెలుగు, ఆవిడ ఇంగ్లీషు. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. ఆ లోటు తీర్చడానికి ఇద్దరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు. అత్తగారు ఆవిణ్ణి "ఒదినగారూ" అనేది, ఆవిడ ఈవిణ్ణి "డార్ల్" అనేది.

కిండర్‌గార్టెన్‌కి వెళ్ళొచ్చిన రెండు వారాలకి, ఉపన్యాసం ఆదివారమనగా సోమవారం పొద్దున గడ్డం గీసుకుంటుంటే చెవి కింద ఒక పొక్కు కనిపించింది. దోమ అనుకున్నాను. స్నానం చేస్తుంటే పొట్ట మీద ఇంకో నాలుగు. నల్లులు అనుకున్నాను. చొక్కా వేసుకుంటుంటే నా భార్య వీపు చూసి కెవ్వుమంది.

"ఏవండీ, వీపంతా బబుల్స్!"

అద్దానికి వీపు తిప్పి, మెడ విరిగేట్టు వంచి చూసుకున్నాను. అదే వ్యాధి ఇంకెవరికైనా ఉంటే గుమ్మంలోంచే పోల్చి చెప్పేవాణ్ణి. నా వీపు కాబట్టి రకరకాల అనుమానాలు వచ్చాయి. చివరికి ఊళ్ళో మా అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, నాకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది కదూ?"

"నీకెక్కడరా? అది మీ అన్నయ్యకి. నిన్ను అప్పుడు అమ్మమ్మగారింటికి పంపించేశాం. అక్కడ మామిడి చెట్టెక్కి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నావ్."

ఇన్నేళ్ళుగా నేను జ్ఞాపకం పెట్టుకున్న ఆటలమ్మ మా అన్నయ్యదని తేలింది. ఆఫీసులో నా పై అధికారికి ఫోన్ చేసి చెప్పాను. పెద్ద డాక్టరాయన, సౌమ్యుడు. కాసేపు ఏమీ వినపడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఫోను పక్కన పెట్టి నవ్వుకుంటున్నాడని.

"కంగారు పడకు, మేట్" అన్నాడు చివరికి.

అప్పటికే మా అత్తగారికి కబురు అందింది. ఇంట్లో ఆవిడ పాలన మొదలైంది. తాలింపు బంద్. వేపుళ్ళు బంద్. సబ్బు, దువ్వెన, గడ్డం గీసుకునే కత్తి, అన్నీ అటక మీదకెళ్ళిపోయాయి. మంచం మీద తెల్లటి పంచె పరిచి, వేపరొట్ట ఏదీ అంది.

మెల్‌బోర్న్ చలికి వేపచెట్టు ఎక్కడ బతుకుతుంది? నేను ఆ మాటే అన్నాను. ఆవిడ వినలేదు. వెనక సందులోకి వెళ్ళి, సందు మొగలో ఉన్న పెప్పర్ చెట్టు కింద నిలబడి తలెత్తి చూసింది. సన్నటి ఆకులు, రెమ్మకి రెండు పక్కలా బారుగా, వేలాడే కొమ్మలు. మిరియాల్లాంటి గులాబిరంగు గింజలు.

"వేప కాదు గానీ, వేపకి వేలువిడిచిన మేనత్తలా ఉంది" అని ఒక చెట్టు పెట్టు కొమ్మలు విరుచుకొచ్చింది. మంచం మీద, గుమ్మానికి, నా తలకింద, అన్నిచోట్లా అవే.

ఇంతలో పక్కింటావిడ బకెట్టుతో వచ్చింది. చికెన్‌పాక్స్ అన్న మాట గోడ మీదుగా విన్నదట. తనకు చిన్నప్పుడే వచ్చి పోయిందని, నిజంగానే తనకేనని, మోచేతి మీద మచ్చ చూపించి మరీ చెప్పింది. బకెట్టులో ఘాటుగా ఫినాయిల్ వాసన వేసే నీళ్ళు, అందులో నానుతున్న దుప్పటి.

"మా అమ్మ ఇదే చేసేది, డాక్. జబ్బు మనిషి గదికి తడి దుప్పటి కట్టాలి. పురుగులు దాన్ని దాటి రాలేవు."

"అది యాభై అరవై ఏళ్ళ కిందటి నమ్మకమండీ. దుప్పటి వల్ల ఏమీ..."

"నువ్వు పేషెంటువి, లవ్. పేషెంట్లు మాట్లాడరు."

గుమ్మం దగ్గర కాసేపు సరిహద్దు తగాదా నడిచింది. అత్తగారు గుమ్మానికి రొట్ట కట్టాలంటుంది, ఆవిడ దుప్పటి కట్టాలంటుంది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు పూర్తిగా వాదించుకున్నారు. చివరికి దుప్పటి కట్టి, దాని మీద రొట్ట గుచ్చారు. ఆ తర్వాత ఇద్దరూ తృప్తిగా వెనక్కి జరిగి చూసుకున్నారు. లోపల ఫినాయిల్ వాసనా పెప్పర్ చెట్టు ఘాటూ కలిసి నాకు కళ్ళు మండాయి.

అసలు విచిత్రం మర్నాడు జరిగింది. అత్తగారు దుప్పటి తప్పించుకుని, పళ్ళెంలో పెరుగన్నం పట్టుకుని లోపలికొచ్చింది. ఎదురుగా వచ్చి నిలబడింది. నేను గబుక్కున లేచి కూర్చుని, అలవాటు కొద్దీ ఫ్రిజ్ కోసం చూశాను. ఆవిడ పళ్ళెం కింద పెట్టి, నాకు రెండు చేతులూ జోడించింది.

"చల్లగా చూడు తల్లీ" అంది.

నా ఒంటి మీద ఉన్నది అమ్మవారు. కాబట్టి ఆవిడ మాట్లాడుతున్నది అల్లుడితో కాదు. ఇన్ని నెలల మౌనం ఒక్కసారి కట్టలు తెంచుకుంది. ఇంటి సంగతులు, ఒంటి సంగతులు, మోకాళ్ళ నొప్పులు, తోడికోడలి అన్యాయాలు, అన్నీ నాకే చెప్పుకుంది.

"మా పెద్దాడికి గుంటూరు ట్రాన్స్‌ఫర్ అయ్యేట్టు చూడు తల్లీ."

"చూస్తానులే" అన్నాను.

దుప్పటి అవతల్నించి నా భార్య, "ఏవండీ! ఎందుకండీ అలా మాటిస్తారు?" అని గట్టిగా గుసగుసలాడింది. ఆ ట్రాన్స్‌ఫర్ తర్వాత వచ్చింది కూడా, కాకపోతే శ్రీకాకుళానికి.

ధైర్యం చేసి ఆ మధ్యాహ్నం నేనూ ఒక కోరిక కోరాను. చప్పటి పెరుగన్నం తిని నాలుక చచ్చిపోయింది.

"కొంచెం ఆవకాయ" అన్నాను, వీలైనంత గంభీరంగా.

అత్తగారు నా మొహంలోకి నిదానంగా చూసింది.

"అమ్మవారు ఆవకాయ అడగదు" అని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజుకి నా ముంజేతుల మీద, మెడ వెనక ఎర్రగా చారలు తేలాయి. పొక్కుల్లా లేవు. దురద మాత్రం పొక్కుల దురదని మరిపించింది. ఎక్కడెక్కడ రొట్ట ఆనిందో అక్కడే. నేను పడుకునే ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఇది చికెన్‌పాక్స్ కాదు, ఆ చెట్టు పాలు పడక వచ్చిన దద్దురు, కాబట్టి ఆ ఆకు తక్షణం తీసేయాలి అని. నా భార్య ఓపికగా అనువదించింది, రెండు వైపులా. అత్తగారు అది అమ్మవారి రెండో రూపమని తేల్చింది. పక్కింటావిడ జబ్బు బయటికి వచ్చేస్తోందని సంతోషించింది. ఇద్దరూ కలిసి ఇంకో కొమ్మ తెచ్చారు. వాళ్ళు వెళ్ళగానే ఆకులన్నీ మంచం కిందికి తోసేసి, నా భార్య రహస్యంగా తెచ్చిన గులాబిరంగు కాలమైన్ లోషను మొహమంతా పూసుకున్నాను.

ఇక ఉపన్యాసం సంగతి. ఆదివారం దగ్గర పడింది. పై అధికారిని అడిగితే ఆ రోజు చేపలు పట్టడానికి పోతున్నానన్నాడు. నా భార్య నేను రాసింది చదివేస్తానంది. పక్కింటావిడ మంచం పక్కన కుర్చీలో కూర్చుని వింటోంది.

"చదవడమేమిటి? నేను అప్పుడు అక్కడే ఉన్నాను కదా! ఆ జబ్బుల్లో సగం నాకు వచ్చాయి. నేను చెప్తాను."

కాదనే స్థితిలో నేను లేను. మంచం మీద కూర్చుని ఆవిడకి గీతలన్నీ వివరించాను. ఆవిడ ప్రతి దానికీ "రైట్, లవ్" అంది.

ఆదివారం నాటికి నా పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టాయి. వైద్యశాస్త్రం ప్రకారం ఇక నేను ఎవరికీ అంటించను. నేను వస్తానన్నాను. స్నానం పోసే దాకా గడప దాటకూడదంది అత్తగారు. క్వారంటీన్ అంటే క్వారంటీనే అంది పక్కింటావిడ. ఇద్దరూ ఒక మాట మీద ఉండటం నాకు చాలా అపాయకరంగా తోచింది. చివరికి నా భార్య తీర్పు చెప్పింది.

"టౌన్‌హాల్ గార్డెన్‌లో కిటికీ బయట నిలబడండి. అక్కణ్ణుంచి వినండి. లోపలికి మాత్రం రాకండి."

అలా బయల్దేరాం. కారు వెనక సీట్లో నేను: పైజమా, మీద స్వెటరు, వారం గడ్డం, చిక్కులు పడ్డ జుట్టు మీద ఉన్ని టోపీ, మొహమంతా ఎండిన గులాబిరంగు లోషను. ముందు సీట్లో అత్తగారు పట్టుచీర కట్టుకుని, చేతిలో పెప్పర్ కొమ్మ. దారిలో ఎర్ర లైటు దగ్గర ఒక పోలీసు కారు పక్కన ఆగింది. లోపలున్నాయన నన్ను చూసి, కొమ్మని చూసి, పచ్చ లైటు పడగానే మాకంటే ముందు వెళ్ళిపోయాడు.

చిన్న హాలు కిటికీ కింది అద్దం బెత్తెడు పైకెత్తి ఉంది. నేను గులాబి మొక్కల మధ్య నిలబడి లోపలికి చూశాను. హాలు నిండింది. పక్కింటావిడ టోపీ పెట్టుకుని, ప్రొజెక్టరు దగ్గరికెళ్ళి నా మొదటి కాగితం పెట్టింది. బోర్లా తిప్పి, కుడి ఎడమలు తారుమారు చేసి. చావుల ఎర్ర గీత నేల దగ్గర మొదలై చూరు దాకా ఎక్కింది.

"డాక్టరు గారు లెక్కలు కట్టి చూపించారు. చూశారుగా, ఏటేటా అధ్వాన్నం అయింది" అంది.

ముసలివాళ్ళంతా దిగులుగా తలలూపారు. నేను అద్దం మీద కొట్టాను. ఎవరూ వినలేదు. ఆవిడ మిగతా కాగితాలు పక్కన పడేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడు నిజమైన ఉపన్యాసం మొదలైంది.

జబ్బులు రాకుండా పిల్లలందరి మెడలో కర్పూరం మూట వేలాడేదని చెప్పింది. స్కూల్లో ముప్పై మంది కర్పూరం పిల్లలు ఒక గదిలో కూర్చుంటే టీచరు తుమ్ముతూ లెక్కలు చెప్పేదట. వెనక సందులో దొడ్డి బాల్చీలు మార్చే మనిషి వస్తే సరిగ్గా అప్పుడే దొడ్లో కూర్చున్న వాళ్ళ నాన్న తలుపు లోపల్నించి "ఆగు! ఆగు!" అని అరిచేవాడట. ఎవరింట్లో స్కార్లెట్ జ్వరం, అంటే గొంతు వాచి ఒళ్ళంతా ఎర్రబారే అంటుజబ్బు, వచ్చినా ఆరోగ్యశాఖ మనిషి వచ్చి తలుపుకి చీటీ అంటించి, ఇంట్లో వాళ్ళని బయటికి పంపి, కిటికీలకి కాగితాలు అతికించి, లోపల గంధకం కాల్చేవాడట. ఒకసారి అలా కాలుస్తుంటే గుర్తొచ్చింది, తాతగారి గులాబిరంగు చిలక పంజరంలో లోపలే ఉండిపోయిందని. వాళ్ళ అమ్మ తడి తువ్వాలు మొహానికి కట్టుకుని లోపలికి దూరింది. చిలక బతికింది. అంతకు ముందు అది "గుడ్ మార్నింగ్" మాత్రమే అనేది. ఆ తర్వాత యూనిఫాం వేసుకున్న మనిషి ఎవరు కనిపించినా, పోస్టుమాన్‌తో సహా, బూతులు తిట్టేదట. ఏమని తిట్టేదో కూడా ఆవిడ చెప్పింది. హాలంతా ఘొల్లుమంది. మా అత్తగారికి ఏమీ అర్థం కాకపోయినా అందరికంటే ఎక్కువ నవ్వింది.

"తర్వాత నాకే వచ్చింది స్కార్లెట్ జ్వరం" అంది పక్కింటావిడ. "అంబులెన్స్‌లో జ్వరాల ఆసుపత్రికి పట్టుకుపోయారు. వారాల తరబడి అక్కడే. లోపలికి ఎవరినీ రానివ్వరు. అమ్మ ఆదివారాలు వచ్చి తోటలో నిలబడేది, కిటికీ బయట. అద్దంలోంచి చూసుకోవడమే. అదిగో, ఇప్పుడు ఆయన నిలబడ్డట్టు."

వేలితో చూపించింది. హాలంతా కుర్చీల్లో వెనక్కి తిరిగింది. ముప్పై ముసలి మొహాలు నన్ను చూశాయి. ఒకావిడ కెవ్వుమంది. ఏం చెయ్యాలో తోచక చెయ్యి ఊపాను. ముందు వరసలో ఒకాయన కూడా తిరిగి ఊపాడు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. బక్కపల్చటి మనిషి, చేతికర్ర, టై.

"అదంతా సరే. ఆ స్కార్లెట్ జ్వరాన్ని మన వీధికి తెచ్చింది మీ అన్న. ఆ మాట ఎందుకు చెప్పవు?"

పక్కింటావిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "నువ్వా? ఇన్నేళ్ళకి నోరు పెగిలిందా?"

"మీ అన్న టాఫీ ఆపిల్ కొని, తాను నాకి, వీధిలో పిల్లలందరి చేతా తలోసారి నాకించాడు. మర్నాడే పడుకున్నాడు. ఆ వారంలో వీధంతా పడుకుంది."

పుల్లకి గుచ్చి చక్కెర పాకంలో ముంచిన ఆపిల్ అది. అక్కడి సంతల్లో ఇప్పటికీ అమ్ముతారు.

"అది టాఫీ ఆపిల్ కాదు, లికరిష్ పట్టీ! అదీ నీదే! మీ ఇంట్లో మీ పిన్నికి ముందే వస్తే దాచిపెట్టారు!" లికరిష్ పట్టీ అంటే అతిమధురంతో చేసే నల్లటి సాగుడు మిఠాయి.

"మా పిన్నికి వచ్చింది ఎండదద్దు!"

"డిసెంబరు మండుటెండల్లో చలికి వణుకుతూ దుప్పటి కప్పుకుని పడుకుంటే ఎండదద్దా?"

కొందరు ఇటు, కొందరు అటు చేరారు. ఒకాయన ఇదంతా పాలవాడి గుర్రం వల్ల వచ్చిందన్నాడు, ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. అంటురోగాల గురించి అంత ఆవేశంగా చర్చ జరగడం నా ఉద్యోగ జీవితంలో మళ్ళీ చూడలేదు. నేను కిటికీ సందులో నోరు పెట్టి, "స్కార్లెట్ జ్వరం గొంతు నుంచి..." అని మొదలుపెట్టాను. "నువ్వుండు, లవ్!" అని నాలుగు గొంతులు ఒకేసారి అరిచాయి.

పెద్దాయన చేతికర్ర నేలకి కొట్టాడు.

"మా చెల్లి కూడా ఆ అంబులెన్స్‌లోనే వెళ్ళింది. నీతోబాటే. నువ్వు వచ్చావు. అది రాలేదు."

పక్కింటావిడ లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"నా పక్క మంచమే" అంది. "నా బొమ్మ దానికే ఇచ్చాను. తర్వాత బొమ్మ ఏదని అడిగితే కాల్చేశామన్నారు. నాకింకేమీ చెప్పలేదు. ఇంటికొచ్చాక తెలిసింది."

పెద్దాయన నిలబడే ఉన్నాడు. కూర్చోవడం మరిచిపోయినట్టున్నాడు.

"ఏమన్నాడే ఆయన?" అని మా అత్తగారు కూతుర్ని అడగడం కిటికీ దాకా వినిపించింది. నా భార్య చెవిలో చెప్పింది. అత్తగారు లేచింది. పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వెనక వరస దాకా నడిచి, ఆ పెద్దాయన ముందు ఆగింది. చేతిలోని కొమ్మని ఆయన నడినెత్తి నుంచి భుజాల మీదుగా కిందికి నిమిరింది, రెండోసారి, మూడోసారి.

"చల్లగా ఉండు నాయనా" అంది.

ఆయన ఆవిడకన్నా కనీసం పదేళ్ళు పెద్ద. కదలకుండా నిలబడి తల వంచాడు. తర్వాత ఒక తుమ్ము తుమ్మాడు. టౌన్‌హాల్ అద్దాలు అదిరాయి. వెంటనే రెండోది. మూడోదానికి పైపళ్ళ సెట్టు జారితే చేత్తో పట్టుకున్నాడు.

"ఏమిటిది?" అన్నాడు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

"పెప్పర్ చెట్టు. అది మందు అనుకుంటోంది ఆవిడ" అంది పక్కింటావిడ.

"బాగానే పనిచేస్తోంది" అని ఆయన మళ్ళీ తుమ్మాడు. అప్పుడు నవ్వు మొదలైంది, ముందు ఆయన నుంచే.

టీ ఇచ్చారు. టీ కప్పులు పట్టుకుని సంఘమంతా నన్ను చూడటానికి తోటలోకి వచ్చింది. తమకెవరికీ ఏమీ అంటుకోదని, తమకు అన్నీ వచ్చి పోయాయని గర్వంగా చెప్పారు. నా గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు. ఒకావిడ వంటసోడా పూయమంది. ఇంకొకావిడ ఓట్స్ నానబెట్టిన నీళ్ళలో కూర్చోమంది. పాలవాడి గుర్రం అన్నాయన కిరసనాయిలు అన్నాడు. ఒకావిడ జాలిపడి నా చేతిలో స్కోన్ అనే మెత్తటి చిన్న రొట్టె, జాము రాసి పెట్టింది. ఆరు రోజుల పెరుగన్నం తర్వాత రుచిగల తిండి కంటబడటం అదే. నోటి దాకా తీసుకెళ్ళాను.

"అందులో గుడ్డుందేమో కనుక్కోవే!" అని లోపల్నించి అత్తగారి కేక వినిపించింది.

గుడ్డు వెయ్యలేదని ఆ స్కోన్ చేసినావిడ చెప్పింది. చెప్పేలోపే మింగేశాను.

మూడు రోజుల తర్వాత నాకు నీళ్ళు పోశారు. పసుపు కలిపిన నీళ్ళు మాత్రమే, ఆకు వెయ్యకుండా. ఆ విషయంలో నా భార్య బాత్రూం గుమ్మానికి అడ్డంగా నిలబడి నన్ను కాపాడింది. చలిమిడి, వడపప్పు, పానకం చేసి అమ్మవారికి పెట్టి, ఇరుగుపొరుగుని పిలిచారు. పక్కింటావిడ తనతోబాటు ఆ పెద్దాయన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆయన ఇల్లు నాలుగు వీధుల అవతలేనట. అరవై ఏళ్ళుగా ఇద్దరూ ఒకే పేటలో ఉంటూ, మార్కెట్టులో ఎదురైతే పక్కకి తప్పుకునేవాళ్ళట.

వెనక పెరట్లో ఎండలో కుర్చీలు వేశాం. తల దువ్వుకుని, గడ్డం గీసుకుని నేనూ ఒక కుర్చీలో కూర్చున్నాను. పెద్దాయన పానకం రుచి చూసి, జింజర్ బీరులా ఉందన్నాడు, ఇంతకన్నా ఘాటుది ఏమైనా ఉందా అని నా వైపు వంగి అడిగాడు. అత్తగారు అర్థం చేసుకుని ఇంకో చిటికెడు మిరియాలపొడి కలిపి ఇచ్చింది. ఆయన ఒక్క గుక్కలో తాగేశాడు.

పక్కింటావిడ ఆయన చెల్లెలి గురించి మాట్లాడింది. ఆసుపత్రిలో తామిద్దరూ నర్సులకి పేర్లు పెట్టుకున్నారని, ఒక నర్సు నడకని ఆ పిల్ల పడుకునే అనుకరించేదని, అది చూసి తనకి నవ్వాగక దగ్గొచ్చేదని చెప్పింది. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని విన్నాడు. మధ్యలో ఒక్కసారి, "ఎలా అనుకరించేది?" అని అడిగాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి, డెబ్బై ఏళ్ళ నడుం మీద చెయ్యేసుకుని, మా పెరట్లో గడ్డి మీద బాతులా అటూ ఇటూ నడిచి చూపించింది.

చీకటి పడక ముందే బయల్దేరారు. వెనక సందులో రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయని ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది. మేం ముగ్గురం గేటు దగ్గర నిలబడ్డాం.

"లికరిష్ పట్టీ" అంది ఆవిడ, మలుపు దగ్గర.

"టాఫీ ఆపిల్. పుల్ల కూడా గుర్తుంది నాకు."

"పుల్ల ఎవడికైనా గుర్తుంటుంది."

"వీళ్ళు ఇంకా దేని గురించే?" అంది అత్తగారు. నా భార్య చెప్పింది. అత్తగారు ఆ రెండూ ఎలా చేస్తారో కనుక్కోమంది.